ఎనిమిది నిమిషాల గ్రహాంతర యుద్ధం: కుదించిన సైన్స్ ఫిక్షన్ రీళ్లపై పాఠకుల ప్రశ్నలు

వీడియో క్యాసెట్లు రాకముందు, పాత సైన్స్ ఫిక్షన్ చిత్రాలను ఎనిమిది పది నిమిషాలకు కుదించి, ఇంట్లో చిన్న ప్రొజెక్టర్ మీద వేసుకోవడానికి వీలుగా 8 ఎం.ఎం. రీళ్లుగా అమ్మేవారు. వాటిని సేకరిస్తున్నవారూ, సేకరించాలనుకుంటున్నవారూ పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను ఒకే ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: ఈ చిత్రాలలో చాలా భాగం ఇప్పుడు పూర్తి నిడివితో, శుభ్రమైన బొమ్మతో డిస్కుల మీద దొరుకుతున్నాయి. అయినా గీతలు పడిన, శబ్దం లేని, అసలు చిత్రంలో పదో వంతు మాత్రమే ఉన్న రీలు కోసం ఎందుకు వెతకాలి?

చిత్రం చూడటమే మీ ఉద్దేశమైతే వెతకనక్కరలేదు, డిస్కు కొనుక్కోవడమే మేలు. ఈ రీళ్లను సేకరించేవారికి కావలసింది ఆ చిత్రం నుంచి మరొకరు కోసి, కూర్చి, కొత్త పేరు పెట్టి, కొత్త అట్టపెట్టెలో పెట్టి అమ్మిన వేరొక వస్తువు. దానికి తనదైన చరిత్ర ఉంది. అమెరికాలో యూజీన్ కాజిల్ స్థాపించిన కాజిల్ ఫిల్మ్స్ సంస్థ 1937లో హిండెన్‌బర్గ్ ఆకాశనౌక తగలబడిన వార్తాచిత్రాన్ని ఇళ్లకు అమ్మి ఈ వ్యాపారంలో నిలదొక్కుకుంది. 1947లో ఆ సంస్థ యూనివర్సల్ చేతికి వచ్చింది. దానితో యూనివర్సల్ వారి భయానక చిత్రాలకూ, 1950లలో వారు తీసిన 'ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్', 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' వంటి చిత్రాలకూ ఇళ్లలోకి దారి దొరికింది. కొలంబియా సంస్థ తన 8 ఎం.ఎం. విభాగం ద్వారా రే హ్యారీహౌసెన్ బొమ్మలను ఒక్కొక్క ఫ్రేము చొప్పున కదిలించి తీసిన 'ఎర్త్ వర్సెస్ ది ఫ్లయింగ్ సాసర్స్', '20 మిలియన్ మైల్స్ టు ఎర్త్' చిత్రాల కుదింపులను అమ్మింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఫోర్ట్ లీ నుంచి పనిచేసిన కెన్ ఫిల్మ్స్ ఇతర స్టూడియోల చిత్రాలను తీసుకుంది. 1958లో మొదలైన 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్' పత్రికలో ఈ రీళ్ల ప్రకటనలు చూసి, టపాలో తెప్పించుకున్న కుర్రవాళ్లే ఆ తరం సేకర్తలలో ఎక్కువమంది.

అప్పటి పరిస్థితిని కూడా గుర్తుంచుకోవాలి. థియేటర్ నుంచి తీసేసిన చిత్రాన్ని మళ్లీ చూడాలంటే టెలివిజన్ వారు ఎప్పుడు వేస్తే అప్పుడు, ఎన్ని ప్రకటనల మధ్య వేస్తే అన్నింటి మధ్య చూడవలసిందే. తలచుకున్నప్పుడు చూడగలిగినవీ, వెనక్కి తిప్పి మళ్లీ చూడగలిగినవీ, ఒక్కొక్క ఫ్రేమునూ వెలుతురుకు పెట్టి పరిశీలించగలిగినవీ ఈ రీళ్లే. 1977లో విడుదలైన 'స్టార్ వార్స్' వీడియో క్యాసెట్ మీద అద్దెకు దొరికింది 1982లో. మధ్య సంవత్సరాలలో ఆ చిత్రంలోని ఎంచిన కొన్ని దృశ్యాలను ఇంట్లో చట్టబద్ధంగా చూడగలిగినవారు కెన్ ఫిల్మ్స్ రీలు కొన్నవారే. ఆ రీలు మూడు రకాలుగా వచ్చింది: నలుపు తెలుపు మూకీ, రంగుల మూకీ, రంగుల టాకీ. ఎవరి స్తోమతుకు తగిన అంతరిక్ష యుద్ధం వారికి దొరికిందన్నమాట.

ప్రశ్న: నాకు దొరికిన కాజిల్ పెట్టె మీద 'వార్ ఆఫ్ ది ప్లానెట్స్' అని ఉంది. ఆ పేరుతో వెతికితే 1966 నాటి ఇటాలియన్ చిత్రం కనిపిస్తోంది కాని, నా రీలులోని నటులు అందులో లేరు. ఇది ఏ చిత్రం?

యూనివర్సల్ 1955లో విడుదల చేసిన 'దిస్ ఐలండ్ ఎర్త్' చిత్రపు కుదింపు అది. మెదడు బయటికి కనిపించే పెద్ద తల, కొండి వంటి చేతులు గల జీవి మీ రీలులో కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు. కుదింపులకు పేర్లు మార్చడం అప్పట్లో మామూలే. 'హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' నుంచి డ్రాకులా కథను మాత్రమే విడదీసి 'డూమ్ ఆఫ్ డ్రాకులా' అని అమ్మారు. ఆ రీలులో ఫ్రాంకెన్‌స్టైన్ ఊసే లేదు కనుక కొత్త పేరే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. మీ రీలు విషయంలో అలా అనలేను, ఎందుకంటే అక్కడ పేరు మార్పు వెనక కనిపించేది అమ్మకం మీద ఆశ ఒక్కటే.

జాబితా రాసుకునేటప్పుడు రెండు పేర్లూ పక్కపక్కనే రాయండి. పెట్టె మీద గుర్తించి ఉన్న రకాన్ని కూడా రాయండి. కాజిల్ వారి పెట్టెల మీద 'హెడ్‌లైన్' అని ఉంటే 8 ఎం.ఎం.లో అది 50 అడుగుల రీలు, మూడు నాలుగు నిమిషాలలో అయిపోతుంది. 'కంప్లీట్' అని ఉన్నది సుమారు 200 అడుగులది. ఆ మాట చూసి పూర్తి చిత్రం దొరికిందని మురిసిపోయి ఎక్కువ ధర పెట్టినవారి ఉత్తరాలు మాకు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: ఎనభై నిమిషాల కథను ఎనిమిది నిమిషాలకు ఎలా కుదించేవారు? కొన్ని రీళ్లు చక్కగా అర్థమవుతున్నాయి, కొన్ని అతుకుల బొంతలా ఉన్నాయి. మంచి కుదింపును గుర్తించడం ఎలా?

ఈ సంచికకు వచ్చిన ప్రశ్నలలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇది. ఎందుకంటే సేకర్తలు పెట్టె మీది బొమ్మ గురించీ, రీలు అరుదుదనం గురించీ గంటల తరబడి మాట్లాడుకుంటారు కాని, లోపలి కత్తిరింపు గురించి మాట్లాడేవారు తక్కువ.

ముందు లెక్క చూడండి. 8 ఎం.ఎం.లో తరవాత వచ్చిన రకమైన సూపర్ 8 ఫిల్ములో అడుగుకు 72 ఫ్రేములు ఉంటాయి. 200 అడుగుల రీలు నిండా ఫిల్ము ఉంటే 14,400 ఫ్రేములు, అంటే సెకనుకు 24 ఫ్రేముల వేగంతో సరిగ్గా పది నిమిషాలు. చాలా రీళ్లలో ఫిల్ము అంచు దాకా ఉండదు, పేర్లకూ చివరి అక్షరాలకూ కొంత పోతుంది. కథకు మిగిలేది ఎనిమిది తొమ్మిది నిమిషాలు. ఆ కాస్త చోటులో కుదించే ఎడిటర్ చేసే మొదటి పని మాటలను తీసెయ్యడం. మూకీ రీలులో సంభాషణకు విలువ లేదు. దాన్ని తెర అడుగున ఒక వాక్యంగానో, మధ్యలో ఒక అక్షరాల పలకగానో మార్చవలసిందే, ఆ వాక్యం చదవడానికి ప్రేక్షకుడికి రెండు మూడు సెకన్లు ఇవ్వవలసిందే. కాబట్టి శాస్త్రవేత్తల చర్చలు, సైనికాధికారుల సమావేశాలు, ప్రేమ సన్నివేశాలు ముందుగా వెళ్లిపోతాయి. మిగిలేవి మూడు: వింత ప్రాణి మొదటిసారి కనిపించడం, అది ఎవరినో పట్టుకోవడం, దాన్ని చంపడం.

భయానక చిత్రాలు ఈ కోతను బాగానే తట్టుకుంటాయి, వాటి కథ చాలావరకు చూపులోనే ఉంటుంది కనుక. సైన్స్ ఫిక్షన్‌కు దెబ్బ ఎక్కువ తగులుతుంది. గ్రహాంతరవాసి ఎందుకు వచ్చాడో, అతని యంత్రం ఏం చేస్తుందో, భూమికి పొంచి ఉన్న ప్రమాదం ఏమిటో చెప్పేది మాటే కదా! ఆ మాట పోయాక శాంతి కోరి వచ్చినవాడికీ దండెత్తి వచ్చినవాడికీ తేడా మిగలదు, ఇద్దరూ రాక్షసులే అయిపోతారు. 'ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్'లో ఎడారిలో కూలిన నౌకను బాగుచేసుకుని వెళ్లిపోవడం తప్ప గ్రహాంతరవాసులకు వేరే ఉద్దేశం లేదు. ఇటువంటి కథను కుదించినప్పుడు ఆ ఒక్క విషయాన్ని చెప్పే రెండు వాక్యాలను మిగుల్చుకున్నారా లేదా అన్నదే పరీక్ష.

మంచి కుదింపులో నేను చూసేవి ఇవి. కథలోని ఏదో ఒక పోగును పట్టుకుని చివరిదాకా వదలకుండా ఉండాలి. అన్ని పోగులలోంచీ కొంచెం కొంచెం తీసుకున్న రీలు ప్రకటన చిత్రంలా తయారవుతుంది. ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి దూకేటప్పుడు చోటు మారిందని తెలియజేసే ఒక్క షాటైనా, ఇంటి బయటి దృశ్యమో కదిలే కారో, మిగలాలి. తెర మీది వాక్యం బొమ్మలో కనిపిస్తున్న దాన్నే మళ్లీ చెప్పకుండా, బొమ్మ చెప్పలేనిది చెప్పాలి. "ప్రాణి దాడి చేస్తుంది" అని దాడి జరుగుతుండగా రాసే రీళ్లు కోకొల్లలు. టాకీ కుదింపులలోనైతే సంగీతాన్ని వినండి. ఒక రాగం మధ్యలో తెగి వేరొకటి సగం నుంచి మొదలవుతూ ఉంటే, శబ్దాన్ని ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

ఒక పిట్టకథ. అసలు చిత్రాలు సెకనుకు 24 ఫ్రేములతో తీసినవి. ఇళ్లలోని మూకీ ప్రొజెక్టర్లు సాధారణంగా 16 లేక 18 ఫ్రేములతో నడిచేవి. 18 ఫ్రేముల వేగంతో వేస్తే కదలిక అసలు వేగంలో ముప్పాతిక వంతుకు తగ్గుతుంది, నిడివి మూడో వంతు పెరుగుతుంది. మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు కనిపిస్తారు కాని, రాక్షసి ప్రాణులకూ ఎగిరే పళ్ళాలకూ ఈ నెమ్మది భలేగా అమరింది. బరువైన వస్తువు మెల్లగా కదులుతుందని మన కన్ను అనుకుంటుంది కనుక, చిన్న బొమ్మ కూడా కొండంత బరువుగా కనిపిస్తుంది. చిన్ననాడు ఇంట్లో చూసిన రాక్షసి, పెద్దయ్యాక డిస్కులో చూసినదానికన్నా భయంకరంగా ఉండేదని చెప్పేవారి మాటలో కొంత నిజం ఉంది.

ప్రశ్న: కొన్న రీలు నా సూపర్ 8 ప్రొజెక్టర్‌కు సరిపోవడం లేదు. ఫిల్ము వెడల్పు ఒకటే కదా?

వెడల్పు ఒకటే, చిల్లులు వేరు. కోడాక్ 1932లో తెచ్చిన మామూలు 8 ఎం.ఎం.లో చిల్లులు పెద్దవి, రెండు ఫ్రేములు కలిసే చోట ఉంటాయి. 1965లో వచ్చిన సూపర్ 8లో చిల్లులు చిన్నవి, ఫ్రేము మధ్యకు ఎదురుగా ఉంటాయి. అందువల్ల మిగిలిన చోటులో బొమ్మ పెద్దదైంది. రీలు మధ్య రంధ్రం కూడా సూపర్ 8కు పెద్దది. బలవంతంగా ఎక్కిస్తే చిల్లులు చినుగుతాయి. రెండు రకాలనూ నడిపే ప్రొజెక్టర్లు ఉన్నాయి. 1950ల చిత్రాల తొలి కుదింపులు మామూలు 8 ఎం.ఎం.లోనే ఎక్కువ కనుక, ఈ సేకరణకు అటువంటిదే సరైనది.

ప్రశ్న: పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తోంది. శుభ్రం చేస్తే పోతుందా?

పోదు. అది మురికి వాసన కాదు, ఫిల్ము చెడిపోతున్న వాసన. ఈ ఫిల్ములలో చాలావాటికి ఆధారం సెల్యులోజ్ అసిటేట్. తేమా వేడిమీ తగిలి అది విడిపోతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మళ్లీ ఆ విడిపోవడాన్ని వేగం చేస్తుంది. అందుకే ఒక దశ దాటాక వినాశం ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, అంచులు అలలు తిరుగుతాయి, చిల్లుల మధ్య దూరం తగ్గి ప్రొజెక్టర్ పళ్లకు అందవు. చివరకు బొమ్మ ఉన్న పొర ఊడివస్తుంది. అయస్కాంత శబ్దపట్టీ ఉన్న ప్రింట్లలో, ఆ పట్టీలోని ఇనుప ఆక్సైడ్ వల్ల ఈ జబ్బు త్వరగా ముదురుతుంది.

చేయవలసింది ముందుగా ఆ రీలును మిగిలినవాటి నుంచి వేరు చేయడం, ఆవిరి పక్క రీళ్లకు సోకకుండా. గాలి చొరబడని డబ్బాలో బిగించి పెట్టకండి, వదిలిన ఆమ్లం లోపలే ఉండి ఫిల్మును తింటుంది. చల్లని, పొడి చోట పెడితే నెమ్మదిస్తుంది, అంతే. అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న ఇమేజ్ పెర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన పరీక్ష కాగితాలు దొరికితే కొనండి. నీలం రంగు కాగితం ఆమ్లం పెరిగేకొద్దీ ఆకుపచ్చకు, తరవాత పసుపుకు మారుతుంది. ముక్కు కన్నా అవి ముందుగా పసిగడతాయి. ఫిల్ము ఇంకా సాఫీగా నడుస్తుంటే, ఆలస్యం చేయకుండా ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేయించండి.

తరవాతి కాలపు రీళ్లలో కొన్ని పాలిస్టర్ మీద వచ్చాయి. చుట్టిన రీలును పక్క నుంచి దీపానికి ఎదురుగా పట్టండి. వెలుతురు చుట్టల గుండా ప్రసరిస్తే పాలిస్టర్, నల్లగా అడ్డుపడితే అసిటేట్. పాలిస్టర్‌కు వెనిగర్ బెడద లేదు, సులభంగా తెగదు కూడా. అయితే దారి తప్పి ఇరుక్కుంటే ఫిల్ముకు బదులు ప్రొజెక్టర్ విరుగుతుంది.

ప్రశ్న: రంగుల రీలు మొత్తం గులాబీ రంగులోకి మారింది. అంగారక గ్రహం మీద కథ కాబట్టి మొదట్లో కావాలనే అలా తీశారనుకున్నాను!

మీ చమత్కారం బాగుంది. 1980ల ఆరంభానికి ముందు వాడిన రంగుల ప్రింటు ఫిల్ములో నీలి ఆకుపచ్చ వర్ణకం అన్నిటికన్నా ముందుగా, పసుపు ఆ వెనక, చీకట్లో దాచినా సరే వెలిసిపోతాయి, మిగిలేది ఎరుపే. తరవాత వచ్చిన ప్రింటు ఫిల్ముల రంగులు చాలా మెరుగు. వెలిసిన ప్రింటుకు మందు లేదు. స్కాన్ చేశాక కంప్యూటర్‌లో కొంత దిద్దవచ్చు. కొనేముందు అమ్మేవారిని పెట్టె ఫొటో కాక, తెల్లని వెలుతురు మీద పెట్టిన నాలుగు ఫ్రేముల ఫొటో అడగండి. నలుపు తెలుపు బొమ్మ వెండితో ఏర్పడింది కనుక వర్ణకాలకు వచ్చే జబ్బు దానికి రాదు. ఒకే కుదింపు రెండు విధాలా దొరికితే నేను నలుపు తెలుపునే ఎంచుకుంటాను.

ప్రశ్న: ఈ రీళ్లలో, అసలు చిత్రంలో ఇప్పుడు కనిపించని దృశ్యాలు దొరికే అవకాశం ఉందా?

1950ల స్టూడియో చిత్రాల విషయంలో ఆ ఆశ పెట్టుకోవద్దు, వాటి నెగెటివ్‌లను స్టూడియోలు దాచుకున్నాయి. మూకీల కాలానికి వెళ్తే కథ వేరు. విల్లిస్ ఓబ్రయన్ కదిలించిన రాక్షసిబల్లులతో 1925లో వచ్చిన 'ది లాస్ట్ వరల్డ్' చిత్రాన్ని 1929లో చలామణీ నుంచి తప్పించారు. ఆ తరవాత దశాబ్దాల తరబడి ప్రపంచం చూసింది, ఇళ్లకు అద్దెకిచ్చే కోడాస్కోప్ లైబ్రరీ కోసం దాదాపు సగానికి కుదించిన 16 ఎం.ఎం. ప్రింటునే. చెక్ ఆర్కైవులో దొరికిన ఎక్కువ నిడివి గల ప్రింటు సాయంతో 1990ల చివర దాన్ని పునరుద్ధరించేవరకూ, ఇంటి కుదింపే ఆ చిత్రాన్ని బతికించింది.

1927 నాటి 'మెట్రోపోలిస్' విషయంలోనూ చిన్న ఫిల్మే ఆదుకుంది, అయితే అది ఇంటి రీలు కాదు. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లోని సినిమా మ్యూజియంలో బయటపడ్డ 16 ఎం.ఎం. నెగెటివ్‌లో, పోయాయనుకున్న దృశ్యాలు సుమారు 25 నిమిషాలు దొరికాయి. అప్పటికే అరిగిన పెద్ద ప్రింటు నుంచి తీసిన నకలు కనుక, దాని గీతలు కూడా ఇందులోకి అచ్చయ్యాయి, బొమ్మ అంచులు తెగిపోయాయి. 2010లో వచ్చిన పునరుద్ధరణలో ఆ భాగాలు చూడగానే తెలిసిపోతాయి.

పాతకాలపు ఇంటి రీళ్ల మీద ఆసక్తి ఉంటే పతే సంస్థ 1922లో తెచ్చిన 9.5 ఎం.ఎం. ఫిల్మును కూడా గమనించండి. ఫిల్ము ఆదా చేయడానికి అక్షరాల పలకను కొద్ది ఫ్రేములలో మాత్రమే అచ్చు వేసి, అంచున ఒక గంటు పెట్టేవారు. ఆ గంటు తగలగానే ప్రొజెక్టర్ ఆ ఫ్రేమును కొన్ని సెకన్లు కదలకుండా నిలిపేది. కుదింపులో ఇంతకు మించిన పొదుపును నేను చూడలేదు.

1950ల కుదింపులలో మరెక్కడా దొరకనిది వాటికోసమే రాసిన వాక్యాలూ, వాటికోసమే చేసిన కత్తిరింపూ. వాటిని డిస్కులలో ఎవరూ భద్రపరచడం లేదు.

ప్రశ్న: నా రీళ్లను ఒక సంఘంలో ప్రదర్శించవచ్చా? స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?

రీలు మీదైనంత మాత్రాన చిత్రం మీద హక్కు మీది కాదు. ఇంట్లో చూడటం వేరు, బహిరంగ ప్రదర్శన వేరు, నకళ్లు పంచడం వేరు. చివరి రెండింటికీ హక్కుదారు అనుమతి అవసరం, ఈ చిత్రాలలో చాలావాటి హక్కులు ఇంకా స్టూడియోల చేతిలోనే ఉన్నాయి. అయితే 8 ఎం.ఎం. కుదింపులను స్టూడియోల అనుమతితో బాహాటంగా అమ్మారు కనుక, వాటిని దగ్గర ఉంచుకోవడంలో అప్పట్లోనూ చిక్కు లేదు. థియేటర్లకు అద్దెకిచ్చే పెద్ద ప్రింట్ల విషయం అలా కాదు. 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' నటుడు రాడీ మెక్‌డవల్ ఇంటి మీద 1974 డిసెంబరులో ఎఫ్.బి.ఐ. దాడి చేసి ఆయన సేకరణను స్వాధీనం చేసుకుంది. చివరకు కేసు పెట్టలేదు కాని, ఆ వార్తతో అమెరికాలోని సేకర్తలు చాలాకాలం గుట్టుగా మెలిగారు.

ప్రశ్న: టాకీ రీలు మధ్యలో తెగితే రెండు ఫ్రేములు తీసేసి అతికించాను. ఇప్పుడు అతుకు దాటాక శబ్దం ఒకచోట, బొమ్మ ఒకచోట దెబ్బతిన్నట్టు ఉంది. ఎందుకు?

సూపర్ 8 అయస్కాంత పట్టీలో ఒక ఫ్రేముకు చెందిన శబ్దం ఆ ఫ్రేము పక్కనే ఉండదు, 18 ఫ్రేముల ముందు ఉంటుంది. మామూలు 8 ఎం.ఎం.లో ఆ దూరం 56 ఫ్రేములు. బొమ్మ వెలుతురు ముందు ఆగుతూ కదలాలి, శబ్దం ఆగకుండా సాగాలి కనుక రెండింటినీ ఒకే చోట చదవడం కుదరదు. మీరు రెండు ఫ్రేములు తీసినప్పుడు బొమ్మ ఒక దృశ్యంలో, శబ్దం మరో క్షణంలో తెగాయి. తీసిన ముక్కలను పారేయకుండా ఉంచితే తిరిగి అతికించండి. ఇకముందు తెగినచోట ఫ్రేములు తీయకుండా, చిల్లులు సరిగా కూర్చి టేపుతోనే అతకండి. టేపు శబ్దపట్టీ మీదికి రాకుండా చూసుకోండి. ఫిల్ము పాలిస్టర్ అయితే అతికే ద్రావకం దాని మీద పనిచేయదు, టేపు తప్ప గత్యంతరం లేదు.